కల్వర్టు దాకా పరుగు, కథ సగం దాకా నడక

మా మావయ్యగారు పోయారన్న కబురు నాకు పామర్రు సెంటర్లో తెలిసింది. గుడివాడలో ఆఫీసు ముగించుకుని, అక్కడ బస్సు దిగి, బందరు బస్సు ఎక్కడానికి రోడ్డు దాటుతుంటే మా ఆయన ఫోను చేశారు. "నాన్న లేవట్లేదు" అన్నారు. మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషిని టీకి లేపబోతే లేవలేదట. నాకు అర్థం కాలేదు. "కాస్త గట్టిగా లేపండి" అన్నాను. అవతల నుంచి ఏడుపు వినిపించింది. అప్పటికే బందరు బస్సు కదిలిపోతోంది. దాని వెనకే పరిగెత్తి ఎక్కేశాను. సీట్లో కూలబడ్డాక తెలిసింది, నాకు ఆయాసం రాలేదని. ఏడాది కిందటైతే ఆ బస్సు నాకు దొరికేదే కాదు. దాన్ని అందుకునే ఊపిరి ఆయన ఇచ్చిందే. ఆ సంగతి తట్టాకే నాకు ఏడుపొచ్చింది. బందరు వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

మావయ్యగారు దివిసీమ పల్లెల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత బందరులో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. డ్రిల్లు మాస్టారంటే పెద్ద గొంతు, చేతిలో బెత్తం అనుకుంటాం కదా. ఈయన మాట పక్కగదిలోకి కూడా వినిపించేది కాదు. నడిచేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకునేవారు. దారిలో కనిపించిన ప్రతి కుక్కనూ "ఏరా, బాగున్నావా" అని పలకరించేవారు. తెల్ల కాన్వాసు బూట్లకు శనివారం సాయంత్రం సుద్ద పూసి ఎండబెట్టుకుని, ఆదివారం చర్చికి కూడా అవే తొడుక్కునేవారు. అత్తయ్యకు ఆ బూట్లంటే ఒళ్లుమంట. "పెళ్లికి పిలిచినా ఆటలకి పిలిచినా ఈయనకి ఒకటే" అని సణిగేవారు. ఆయన నవ్వి ఊరుకునేవారు.

నేను ఆయనకు పూర్తిగా విరుద్ధం. నాది మొదటి నుంచీ దూకుడే. బస్సు ఆగకముందే దిగాలి, పోపు వేగకముందే కూర వేయాలి, ఎవరైనా మాట నెమ్మదిగా చెబుతుంటే మిగతా సగం నేనే చెప్పేయాలి. అలాంటిదాన్ని, నలభై దగ్గర పడేసరికి, గుడివాడ బస్టాండులో బస్సు వెనక నాలుగడుగులు పరిగెత్తి రొప్పుతూ నిలబడిపోయాను. కండక్టరు తలుపులోంచి నన్ను చూసి జాలిగా చెయ్యి ఊపాడు. ఒక బస్సు పోతే ఇంకోటి వస్తుంది. ఆ జాలే నాకు గుచ్చుకుంది. ఇంటికొచ్చి, ఆ కోపంలోనే, ఊళ్లో కుర్రాళ్లు కలిసి పెడుతున్న పరుగుపందేనికి పేరిచ్చేశాను. బందరు నుంచి మంగినపూడి బీచ్ వైపు పది కిలోమీటర్లు. పది కిలోమీటర్లంటే ఎంతో అప్పటికి నాకు బస్సు టిక్కెట్టు లెక్కలో తప్ప కాళ్ల లెక్కలో తెలియదు.

మర్నాడు తెల్లారకముందే కొత్త బూట్లు కట్టుకుని కాలవ రోడ్డు మీద ఉన్న శక్తంతా పెట్టి పరిగెత్తాను. కాస్త దూరం పోయాక కళ్లు బైర్లు కమ్మి రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. గిలకలదిండి నుంచి చేపలు వేసుకొస్తున్న ట్రాలీ ఆటో అతను ఆపి, "ఏమ్మా, ఎవరిల్లు?" అని అడిగి, ఐసు పెట్టెల మధ్య కూర్చోబెట్టుకుని తెచ్చి మా గుమ్మం ముందు దింపాడు. వీధి వీధంతా చూసింది. అత్తయ్య చెంబుతో నీళ్లు తెచ్చి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మరీ ఇచ్చారు.

మావయ్యగారు మాత్రం నవ్వలేదు. నీళ్లు తాగేదాకా ఆగి, పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"ఎక్కడిదాకా హాయిగా ఉందమ్మా?"

"అదేంటి మావయ్యా? కళ్లు తిరిగి పడిపోతే హాయేంటి?"

"పడిపోయింది చివర్లో కదా. అంతకుముందు సంగతి అడుగుతున్నాను."

ఆలోచించి, "కల్వర్టు దాకా బాగానే ఉందండీ" అన్నాను.

"అయితే రేపు కల్వర్టు దగ్గర నడక మొదలుపెట్టు."

"అలిసిపోకుండానే నడవడమేంటండీ?"

"అలిశాక ఆగితే అది ఆగిపోవడం. అలవకముందే ఆగావనుకో, అది నీ ఇష్టం. మళ్లీ ఎప్పుడు పరిగెత్తాలన్నా నీ ఇష్టమే" అన్నారు.

మీలో ఎవరైనా మొదటిసారి ఏదో పరుగుకు పేరిచ్చి, ఇప్పుడు ఎందుకిచ్చానురా అని తల పట్టుకుని ఉంటే, ఈ మాట మీక్కూడా పనికొస్తుంది. కాసేపు పరుగు, కాసేపు నడక, మళ్లీ పరుగు. అంతకు మించి ఇందులో రహస్యమేమీ లేదు. కష్టమల్లా ఒకటే, బాగా పరిగెత్తగలుగుతున్నప్పుడే మనసు ఒప్పుకోకపోయినా నడకలోకి దిగాలి. నాబోటి దూకుడు మనిషికి ఆ దిగడం పెద్ద శిక్ష. ఆ శిక్షను ఆయన నాకు సరదా చేశారు. అదెలాగో చెబుతాను.

అంతకు ముందు ఏడాదే ఆయన గుండెకు స్టెంటు వేశారు. రోజూ పొద్దున్నే నడవమని డాక్టరుగారు చెప్పారు. అందుకని మేమిద్దరం కలిసే బయల్దేరేవాళ్లం. ఆయన కాలవ రోడ్డు మీద నడుస్తూ ఉంటే నేను ముందుకు పరిగెత్తేదాన్ని. కల్వర్టు దాకా వెళ్లి, అక్కణ్నుంచి వెనక్కి తిరిగి, ఆయన్ని కలిసేదాకా నడిచేదాన్ని. కలిశాక ఆయన పక్కనే కాసేపు నడక. ఆ నడకలో ఆయన తన బడి రోజుల కథ ఒకటి ఎత్తుకునేవారు. సరిగ్గా మంచి పట్టు మీద ఉన్నప్పుడు ఆపేసి, "ఇక వెళ్లు" అనేవారు.

ఒకరోజు, "హెడ్మాస్టరుగారు సైకిల్తో సహా కాలవలో పడ్డారని కేకలు. పరిగెత్తుకుంటూ వెళ్లి చూస్తే, నీళ్ల మీద గొడుగు ఒక్కటే తేలుతోంది. మనిషి జాడ లేదు. నేను చొక్కా విప్పి గట్టు మీద పడేసి..." అని ఆగారు.

"విప్పి?"

"ఇక వెళ్లు."

"మావయ్యా! ఆయన ఉన్నాడా పోయాడా, అది చెప్పండి ముందు!"

"కల్వర్టు తాకిరా, చెబుతాను."

నేను తిట్టుకుంటూ పరిగెత్తి, తిరిగి ఆయన దగ్గరికి నడిచొచ్చేసరికి హాయిగా చేతులు వెనక్కి కట్టుకుని వస్తున్నారు. "ఆయన గట్టునే ఉన్నాడమ్మా, నా వెనకాలే. నేను దూకుతానో లేదో చూద్దామని నిలబడ్డాడట" అన్నారు. రోడ్డు మధ్యలో కడుపు పట్టుకుని నవ్వాను. ఆ నవ్వులో ఊపిరి దానంతటదే సర్దుకుంది.

ఇలా కథ కోసం పరిగెత్తి, కథ కోసం నడిచొచ్చి, నాకు తెలియకుండానే కల్వర్టు దాటి చర్చి దాకా, చర్చి దాటి వలలు బాగుచేసే షెడ్డు దాకా వెళ్లడం మొదలుపెట్టాను. పరుగులు పొడుగయ్యాయి, కథలు పొట్టివయ్యాయి. అప్పుడు నా పాత బుద్ధి మళ్లీ లేచింది. "ఇక నడక తీసేద్దాం మావయ్యా, మొత్తం పరిగెత్తేయగలను" అన్నాను. "నడక తీసేస్తే నీ దగ్గర మిగిలేది తొందర ఒక్కటేనమ్మా" అన్నారు. ఒళ్లు మండింది గానీ ఎదురు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆయన చెప్పినట్టు చేసినన్నాళ్లూ ఆఫీసులో రోజంతా ఉత్సాహంగా ఉండేది. ఒకసారి మొండికేసి ఏకబిగిన పరిగెత్తితే ఆ వారమంతా మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగాను.

మా ఊళ్లో నడకకున్న పెద్ద ఇబ్బంది అలుపు కాదండీ, మర్యాద. పరిగెత్తేవాళ్లను ఎవరూ ఆపరు, వింతగా చూసి ఊరుకుంటారు. నడకలోకి దిగామా, తెలిసినవాళ్ల స్కూటర్లన్నీ పక్కనే ఆగుతాయి. "ఎక్కమ్మా, దింపేస్తాను." "ఎక్కండి మేడం, అటే వెళ్తున్నా." వద్దంటే నొచ్చుకుంటారు. ఒకనాడు మా సంఘపెద్దగారు స్కూటరాపి ఎక్కమని ఒకటే పట్టు పట్టారు. వద్దని రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పడానికి నోరు రాలేదు. పెద్దాయన, పైగా ఆదివారం మొహం చూడాలి. ఎక్కి కూర్చున్నాను. ఆయన వేరే రోడ్డు మీదుగా శుభ్రంగా మా ఇంటి ముందు దింపి, వందనాలు చెప్పి వెళ్లిపోయారు.

అక్కడ మావయ్యగారు చర్చి దాకా చూసి, షెడ్డు దాకా చూసి, నేనెక్కడ పడిపోయానోనని కాలవ గట్టు పొడుగునా వెతుక్కుంటూ ఇంటికొచ్చారు. నేను గుమ్మంలో కాఫీ గ్లాసుతో నిలబడి ఉన్నాను. జరిగింది విని, కుర్చీలో కూలబడి అన్నారు:

"రేసు మధ్యలో ఎవరైనా ఎక్కమంటే?"

"ఎక్కనండీ."

"సంఘపెద్దగారు ఎక్కమంటే?"

నేను కాఫీ గ్లాసు పట్టుకుని లోపలికి నడిచాను. ఆయనకు నవ్వాగలేదు. ఆ తర్వాత దారిలో ఏ బండి ఆగినా, "మా కోడలు నడుస్తోందండీ, నడవనివ్వండి" అని ముందే చెప్పేవారు. ఆ మాటలో ఆయనకున్న గర్వం నాకిప్పటికీ చెవిలో వినిపిస్తుంది. మా నాన్న కూడా నా గురించి ఎవరితోనూ అంత గర్వంగా మాట్లాడగా వినలేదు.

అత్తయ్యకు మాత్రం ఈ పద్ధతి చివరిదాకా నచ్చలేదు. "నడిచేదానికి పందెమెందుకమ్మా? ఊరంతా చూస్తుండగా మధ్యలో నడిస్తే ఓడిపోయింది అనుకోరూ?" అనేవారు. ఆవిడకు నా ఓటమి గురించి బెంగ కాదు, ఇంటి పరువు గురించి బెంగ. మావయ్యగారు వాదించేవారు కాదు. "పందెం రోజు నువ్వూ రా, చూద్దువుగాని" అనేవారు. "నాకేం పని" అని ఆవిడ లోపలికి వెళ్లిపోయేవారు.

చివరిరోజు పొద్దున కూడా మేము కాలవ రోడ్డుకు వెళ్లాం. అప్పటికి పందేనికి నెల కూడా లేదు. ఆరోజు ఆయన ఎత్తుకున్న కథ దివిసీమలో ఒక అమ్మాయిది. రేవు అవతలి లంక నుంచి బడికొచ్చేదట. సాయంత్రం జనాన్ని ఏరు దాటించే చివరి పంటు తప్పితే ఇంటికి చేరే దారి లేదు. పుస్తకాల సంచితో కాసేపు పరుగు, కాసేపు నడక, అలాగే రోజూ రేవుకు చేరేదట. "ఒకరోజు బడి ఆలస్యంగా వదిలారు. పంటు తాడు విప్పేశారు. గట్టు మీద జనమంతా పరిగెత్తవే, పరిగెత్తవే అని అరుస్తున్నారు. ఆ పిల్ల చూస్తే నడుస్తోంది. నేను కూడా అరిచానమ్మా, పరిగెత్తమని. అది నా వైపు చూసి..." అని ఆగారు.

"చూసి?"

"ఇక వెళ్లు."

ఆరోజు నేను వెనక్కి తిరిగొచ్చేసరికి ఆఫీసు నుంచి ఫోను. మాట్లాడుతూనే ఇంటికొచ్చేశాం. సాయంత్రం అడుగుదామనుకున్నాను. సాయంత్రానికి ఆయన లేరు.

సమాధి కార్యక్రమానికి దివిసీమ నుంచి ఆయన శిష్యులు చాలామంది వచ్చారు. చేపల చెరువులవాళ్లు, బంటుమిల్లిలో ఎరువుల కొట్టు పెట్టుకున్నాయన, ఒక బ్యాంకు మేనేజరు. అందరూ తలలు నెరిసినవాళ్లే, ఆయన పెట్టె ముందు మాత్రం బడిపిల్లల్లా వరుసలో నిలబడ్డారు. ఆ తర్వాత ప్రార్థన చేయించి భోజనాలు పెట్టిన ఆదరణ కూడికనాడు కూడా వచ్చారు. నేను ఉండబట్టలేక ఒక్కొక్కరినీ అడిగాను, రేవు అవతలి నుంచి వచ్చే ఆ అమ్మాయికి పంటు దొరికిందా అని. ఒకాయన దొరికిందన్నాడు. ఇంకొకాయన పంటే వెనక్కొచ్చి ఎక్కించుకుందన్నాడు. మూడో ఆయన, "మా బడిలో అలాంటి అమ్మాయే లేదండీ" అన్నాడు. చివరికి అత్తయ్యను అడిగాను. "ఆయన కథల్లో సగం కల్పితాలే. నీకు తెలీదేంటి?" అన్నారు. అన్నాళ్లలో ఆవిడ మొహంలో నవ్వులాంటిది చూడటం అదే మొదలు.

ఆ కూడికలోనే మాకు దూరపు చుట్టమొకావిడ, భోజనాల దగ్గర, నాకు వినబడేలాగే అన్నది: "గుండె జబ్బు మనిషిని పొద్దున్నే కోడలి వెంట తిప్పితే ఏమవుతుంది మరి?" నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఆ ప్రశ్న నేను నాకు వేసుకోలేదనుకోకండి. ఆయన పోయిన రాత్రి నుంచి అదే నన్ను తినేస్తోంది. అత్తయ్య అరిటాకు ముందు నుంచి లేచారు.

"ఆ నడకే ఆయన్ని ఇన్నాళ్లుంచింది. ఆపరేషనయ్యాక మూలకూర్చుని గోడ వైపు చూసే మనిషి, ఈ పిల్ల వెంట వెళ్లడం మొదలుపెట్టాకే మళ్లీ మనిషయ్యాడు. డాక్టరు నడవమన్నాడు, నడిచాడు. నువ్వు అన్నం తిను" అన్నారు.

అప్పటిదాకా నేను ఆవిడకు మా నడక ఇష్టం లేదనే అనుకున్నాను.

పందెం దగ్గరపడింది. నెల కూడా తిరక్కుండా పరుగేంటని నాకే అనిపించింది. వెళ్లకపోతే ఎవరూ ఏమీ అనరు, అదే సుఖం. కానీ ఆయన నాకిచ్చినదేదో నాలో నిలిచిందా, లేక ఆయన పక్కన ఉన్నంతవరకేనా అన్నది తెలియాలంటే దారి అదొక్కటే. అత్తయ్యను అడిగాను. "ఆయనుంటే వెళ్లేదానివా?" అన్నారు. "వెళ్లేదాన్నండీ." "మరింకేం. బూట్లు ఉతుక్కో" అన్నారు.

కోనేరు సెంటర్లో జనం మధ్య నిలబడ్డప్పుడు భయం వేయలేదు. ఈల వేయగానే కుర్రాళ్లంతా చెరువుకు గండి పడ్డట్టు ఎగబడ్డారు. నేను నా పాటికి నేను బయల్దేరాను. బాగానే ఉంది, చాలా బాగుంది, ఇంకా పరిగెత్తచ్చు అనిపిస్తుండగా నడకలోకి దిగాను. ఆ మొదటి నడక నా వల్ల కాలేదండీ. కుడివైపు ఖాళీగా ఉంది. కథ ఎత్తుకునేవాళ్లు లేరు. కళ్లనీళ్లు చెంపల మీదుగా కారిపోతుంటే, అలుపనుకుని ఒక కుర్రాడు "ఆంటీ, కమాన్, ఆగొద్దు!" అన్నాడు. "ఆగట్లేదు బాబూ, నడుస్తున్నాను" అన్నాను. ఆ మాట నా నోటితో నేనే చెప్పుకున్నాక గుండె కుదుటపడింది. మళ్లీ పరిగెత్తాను. రెండో నడకలో ఏడుపు రాలేదు. మూడో నడకలో ఉప్పుగాలి మొహానికి తగులుతుంటే హాయిగా ఉంది. సగం దారి దాటాక, మొదట్లో నన్ను దాటిపోయినవాళ్లు రోడ్డు పక్కన నడుములు పట్టుకుని కనిపించడం మొదలైంది. నేను వాళ్లను దాటుకుంటూ వెళ్లాను. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, దాటుతుంటే చాలా బాగుంది.

బీచ్ దగ్గరికొచ్చేసరికి చివరి గీత కనిపిస్తోంది. రోడ్డుకిరువైపులా జనం. మా వీధివాళ్లు, చర్చివాళ్లు, మా పిల్లలు. మా ఆయన అత్తయ్యను కారులో తీసుకొచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. సరిగ్గా వాళ్ల ముందుకొచ్చేసరికి నా నడక వంతు వచ్చింది. గుండె దడదడలాడుతోంది, ఊపిరి నా చేతుల్లోంచి జారబోతోంది. చుట్టూ ఒకటే అరుపు: "పరిగెత్తండి! వచ్చేసింది! పరిగెత్తమ్మా, పరిగెత్తు!" ఇంతమంది ముందు నడవాలా? ఈ కాస్తకీ నడవాలా? నా పాత దూకుడంతా కాళ్లలోకి దిగింది. చివరిదాకా బిగపట్టి లాగేద్దామనుకున్నాను.

అప్పుడు అత్తయ్య కుర్చీలోంచి లేచారు. చర్చికి కట్టుకునే తెల్లచీర కొంగు గాలికి ఎగురుతుంటే ఒక చేత్తో పట్టుకుని, నలుగురిలో ఎప్పుడూ గొంతెత్తని మనిషి, అంతమంది అరుపుల మీదుగా అరిచారు.

"నడువమ్మా! నువ్వు నడువు! బోలెడంత టైముంది, నడువు!"

మా వీధివాళ్ల అరుపులు ఆగిపోయాయి. నేను నడిచాను. ఊరందరి కళ్లముందు, తలెత్తుకుని, ఊపిరి నా దగ్గరికి తిరిగొచ్చేదాకా నడిచాను. ఆ తర్వాత పరిగెత్తాను, నవ్వుతూనే గీత దాటాను. ఎవరో మెడలో మెడల్ వేశారు. అది చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగి చూస్తే, అత్తయ్య ఇంకా కూర్చోలేదు. రోడ్డంచుకు వచ్చి నిలబడి, నా వెనక తూలుతూ వస్తున్న ఎవరో ముక్కూమొహం తెలియని కుర్రాడికి చెయ్యి ఊపుతూ, "కంగారేం లేదు నాయనా, కాసేపు నడువు" అని చెబుతున్నారు.